ఎదుటి నాలుక

నవంబరు 3, సోమవారం

ఈ సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇక్కడ పెడుతున్నాను. ఎనిమిదో తరగతితో ఆగిపోయిన చెయ్యి. అక్షరాలు వంకరపోతే పోనీ, చదివేదెవరు గనక.

మా అమ్మాయి లాడ్జిలో రిసెప్షన్ ఉద్యోగం మానేసింది. ముందు ఆ మాట వినగానే ఎందుకమ్మా అని కేకేశాను. తర్వాత నిదానంగా చెప్పింది, సొంతంగా ఫుడ్ వాక్ పెడుతుందట. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళను వెంటేసుకుని కోట గోడ వెనక సందులన్నీ తిప్పుతుంది. మా మసీదు వీధిలో బండి బండి దగ్గరా ఆపి తినిపిస్తుంది, ఆ తిండి వెనకున్న కథ చెబుతుంది. దానికి వాళ్ళు టికెట్టు కొంటారట. మా ఆవిడ ముక్కున వేలేసుకుంది. తిండికి టికెట్టేమిటే అంది. సినిమాకు కొనడం లేదా అన్నాను నేను. సినిమా చూసి ఎవరికీ కడుపు పట్టెయ్యదుగా అంది.

ఆఖరి స్టాప్ ఎవరిది? నాది! కోట దర్వాజా దాటి, రొట్టెల భట్టీ దాటి, గాజుల దుకాణం మలుపులో నా షోర్వా బండి. మేక కాళ్ళు కాల్చి, గీకి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సన్నసెగ మీద మరిగించే షోర్వా. చిన్నప్పుడు ఈ బండి కిందే గోనెపట్టా పరుచుకుని హోంవర్కు చేసింది నా తల్లి. స్కూలు స్నేహితులు అటుగా వస్తే నీళ్ళ డ్రమ్ము వెనక దాక్కునేది. ఇప్పుడు టికెట్టు పెట్టి మరీ చూపిస్తుందట. అల్హమ్దులిల్లా. అల్హమ్దులిల్లా. రెండుసార్లు రాసినా తనివి తీరడం లేదు.

ఈ సాయంత్రం కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయనకు ఊరికే ఒక గిన్నె పోసిచ్చాను. ఆయన బెదిరిపోయాడు. మీటరులో ఏమైనా తిరకాసు ఉందా పెద్దాయనా అని రెండుసార్లు అడిగాడు.

నవంబరు 5, బుధవారం

సీకుల బావకు చెప్పాను. సొంత బావ కాదు. నా బండికి ఎదురుగా సీకుల మీద కీమా కాల్చే మనిషి. ఇద్దరం మీసాలు సరిగా రాని వయసులో, ఒకే ఏడు ఈ వీధిలో బండ్లు దింపాం. ముందు బావా అన్నదెవరో ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు. సంగతి వినగానే విసనకర్ర ఆపి, అయితే కోడలు పిల్ల మనల్ని బొమ్మల కొలువులో కూర్చోబెడుతుందన్నమాట అన్నాడు. నువ్వు ఏ మెట్టు మీద ఉంటావు బావా, నేను నీ కన్నా పైమెట్టు అడుగుతాను, చెప్పెయ్ దానికి, అని పగలబడి నవ్వాడు. కానీ ఆ నవ్వులో సంతోషం ఉంది. నా బిడ్డ అంటే అతనికి ప్రాణం. దాని చెవులు కుట్టించిన రోజు ఏడుపు మాన్పించింది అతనే, సీకు మీది కాలిన కొస పెట్టి.

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. అమ్మాయి వాక్‌లో ఇది కూడా చెబితే బాగుండును అనిపించి రాస్తున్నాను. వండినవాడు తన కుండ ఉప్పు తను చూసుకోడు. పొద్దస్తమానం ఆవిరిలో నిలబడ్డవాడి నాలుక మొద్దుబారి ఉంటుంది. ఇంట్లోవాళ్ళు చూసినా లాభం లేదు, ఇంటి నాలుక ఇంటి ఉప్పుకు అలవాటుపడిపోతుంది. అందుకని ఎదురుబండివాడు చూడాలి. అసర్ నమాజు అయ్యాక, గిరాకీ మొదలయ్యే ముందు నేను ఒక కేక పెడతాను. బావ చొక్కా జేబులోంచి తన చెంచా తీసి, తుడుచుకుంటూ వస్తాడు. ఒక గుటక. కళ్ళు మూసుకుంటాడు. చిటికెడు అంటాడు, లేదా అర చెంబు నీళ్ళు అంటాడు, లేదా పోనియ్ అంటాడు. అతను పోనియ్ అన్నాక ఇక నేను కుండకు భయపడను. తర్వాత నేను వెళ్ళి అతని మొదటి సీకు మీది ముక్క నోట్లో వేసుకుంటాను. పిలవందే మాత్రం ఎవరూ రారు. పిలవకుండా వచ్చి కుండలో చెంచా పెట్టడమంటే నీకు వండటం రాదురా అన్నట్టే.

ఇంకో మాట. నా నాలుక మొద్దుబారడం కాదు, ఈమధ్య పూర్తిగా పోయింది. చక్కెర వేసిన టీకీ వేయని టీకీ తేడా తెలియడం లేదు. ఇంట్లో చెప్పలేదు. బావకు తెలుసు. నేను పోనియ్ అన్నాక కూడా ఒక ముక్క రొట్టెల భట్టీ ఆయనకు పంపిస్తున్నాడు, నేను అటు తిరిగినప్పుడు. నేనూ అటు తిరిగే ఉంటున్నాను, పాపం అతనికి వీలుగా.

నవంబరు 9, ఆదివారం

వచ్చారు! ఎనమండుగురో పదిమందో. టోపీలూ కెమెరాలూ. నా బిడ్డ ముందు నడుస్తుంటే వెనక వాళ్ళు నడుస్తుంటే, బడిపిల్లల్ని దాటించే టీచరమ్మలా ఉంది. నీలం చున్నీ వేసుకుంది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. మా ఆవిడ బండి చక్రాలు కూడా కడిగింది.

ఎంత బాగా మాట్లాడుతుందో. ఆ ఎముక లోపలి మూలుగ నాలుక మీద ఎలా కరుగుతుందో, మిరియం గొంతులో ఎక్కడ తగులుతుందో చెబుతుంటే నాకే నోరూరింది. చెప్పకూడదు గాని, నా బిడ్డ పుట్టి బుద్ధెరిగాక కాళ్ళ షోర్వా ముట్టలేదు. ఆ వాసనకే వాంతి అంటుంది. తినకుండా అంత రుచి చెప్పిందంటే చదువు ఎంత గొప్పది!

తర్వాత ఈ పొయ్యిలో నిప్పు రెండు వందల ఏళ్ళుగా ఆరలేదని చెప్పింది. కోట కట్టిన కాలం నుంచి తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి కొడుక్కి అదే నిప్పు అంది. అవునా తాతగారూ అని ఒకావిడ నన్ను అడిగింది. మా నాన్న తోళ్ళ మండీలో మూటలు మోసేవాడు. అయినా నా బిడ్డ నా వంక చూసింది. అవునమ్మా అన్నాను. ఇంకా ఊపు వచ్చి, మా తాత తుఫానులో చొక్కా విప్పి నిప్పు మీద గొడుగులా పట్టుకుని నిలబడ్డాడని కూడా అన్నాను. అందరూ ఆహా అన్నారు.

అప్పుడు ఎదురు బండి నుంచి బావ నవ్వు. ఏ నిప్పు బావా అంటాడు, మొన్న వానకి చల్లారిపోతే నా దగ్గరే కదా రెండు బొగ్గులు అడుక్కుపోయావు, ఇంకా గంటె తిరిగియ్యలేదు. వాళ్ళందరూ గొల్లుమన్నారు. నాకూ నవ్వు ఆగలేదు. నా బిడ్డ మాత్రం నవ్వలేదు. నవ్వుతున్నట్టు మూతి పెట్టింది, అంతే.

నవంబరు 10, సోమవారం

వచ్చే వారం నుంచి మామయ్య సీకులు లిస్టులో ఉండవు నాన్నా అంది. నీ ఇష్టం తల్లీ అన్నాను.

నవంబరు 16, ఆదివారం

ఈ వారం రెట్టింపు జనం. సందులో చోటు చాలక ఎదురు బండికి వీపులు ఆనించి నిలబడి తిన్నారు. ఒకాయన ఖాళీ గిన్నె బావ బల్ల మీద పెట్టేసి పోయాడు, అది చెత్త వేసే చోటు అనుకున్నాడు కాబోలు. బావ విసురుతూనే ఉన్నాడు. రోజువారీ వచ్చే తోళ్ళ మండీ కూలీలు ఈ గుంపును చూసి, మలుపులోనే వెనక్కి తిరిగిపోయారు.

మామయ్యను ఎందుకు తీసేసిందో నేను బావతో చెప్పలేదు. అతనూ అడగలేదు. అందరికీ అన్నీ తినిపిస్తే పొట్టలు పట్టవుగా అని నేనే ఏదో అన్నాను. పట్టవు పట్టవు అన్నాడు. మేక కాళ్ళు తిన్నాక మేక పొట్ట ఎలా పడుతుంది, మేక నడిచొచ్చి అడుగుతుంది అన్నాడు. వేళాకోళానికేం తక్కువ లేదు.

సాయంత్రం గుంపు మలుపులో ఉండగా ఉప్పు చూడ్డానికి మాత్రం పిలవగానే వచ్చాడు. పోనియ్ అన్నాడు. ఆ పోనియ్ మామూలుగానే అన్నాడా లేదా అని రాత్రి కాసేపు ఆలోచించాను. మామూలుగానే అన్నాడు.

నా బిడ్డకు రివ్యూలు వచ్చాయి. ఫోనులో చదివి వినిపించింది. ఒకరు రాశారట, ఆ నిప్పు తాతగారి కళ్ళలో రెండు వందల ఏళ్ళ చరిత్ర కనిపించింది అని. అద్దంలో చూసుకున్నాను. శుక్లాలు కనిపించాయి. అయినా మళ్ళీ చదవమన్నాను.

నవంబరు 18, మంగళవారం

ఒక రివ్యూలో చెంచా సంగతి వచ్చింది. ఎదురుబండాయన జేబులోంచి చెంచా తీసి కుండలో పెట్టి నోట్లో పెట్టుకున్నాడు, అని. శుభ్రం లేదు, అని. అమ్మాయి కోప్పడలేదు, బతిమాలింది. నాన్నా, నా బతుకు ఈ రివ్యూల మీద నడుస్తుంది, ఆ చెంచా ఒక్కటి మానిపించు అంది. గరిటెతో వేరే గిన్నెలో పోసిచ్చి రుచి చూపిద్దామా అన్నాను. అసలు ఒక బండివాడు ఇంకో బండివాడికి చూపించడమేంటి నాన్నా, నీ వంట నీకు రాదనుకుంటారు అంది.

అదీ నిజమే కదా. ఇన్నేళ్ళు వండినవాణ్ణి.

బావకు నేనే చెప్పాను. పిల్ల ఇలా అంటోంది బావా, పిల్లల రోజులు కదా, అన్నాను. నవ్వు మొహంతోనే అన్నాను. అతను చెంచా తీసి చూసుకున్నాడు, దాని తప్పేమిటో దాన్నే అడుగుతున్నట్టు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మంచిది బావా, నాకూ ఒక నడక తగ్గింది, మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి అన్నాడు.

మనసులో పెట్టుకునే మనిషి కాదు. నాకు తెలుసు.

నవంబరు 20, గురువారం

అతని ముక్క రుచి చూడ్డానికి నన్ను పిలవలేదు. నేను అటు తిరిగి నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డా పిలవలేదు.

నవంబరు 23, ఆదివారం

ఈ రోజు ఎంత సంతోషమో! పెద్ద ట్రావెల్ కంపెనీ నుంచి నా బిడ్డకు ఫోను వచ్చింది. వచ్చే ఆదివారం వాళ్ళ మనిషి వాక్‌కు వస్తాడట. నచ్చితే నెలజీతం మీద తీసుకుంటారు. ఊరూరా ఇలాంటి వాక్‌లు పెట్టే పని నా బిడ్డ చేతికిస్తారు. ఆఫీసు, కుర్చీ, పేరున్న బోర్డు. అన్ని స్టాపులూ బాగుండాలి నాన్నా, మనది ఆఖరిది, ఆఖర్న తిన్నదే నోట్లో ఉండిపోతుంది అంది.

నా షోర్వా ఆ మనిషి నోట్లో ఉండిపోవాలి. యా అల్లా, ఇంతకన్నా ఏం అడగను!

మా ఆవిడ కూడా సంతోషించింది. కాని ఆవిడ ఒక మాట అంది. అన్నయ్యతో ఒకసారి చెప్పు, ఆ రోజు ఒక కన్నేసి ఉంచమను అంది. అన్నయ్య అంటే బావే. ఎందుకు, నేను వండలేనా అన్నాను. నీకు టీలో చక్కెర తెలియడం లేదని నాకు తెలియదనుకున్నావా అంది. నేను వినపడనట్టు రేడియో పెంచాను.

నవంబరు 27, గురువారం

రొట్టెల భట్టీ ఆయన దగ్గర పెద్ద డేగిశా అడిగి తెచ్చాను. దాన్ని దొర్లించుకుంటూ వస్తుంటే వీధి వీధంతా చప్పుడు. గాజుల దుకాణం ముసలమ్మ బయటికొచ్చి, ఎవరి పెళ్ళి అంది. నా బిడ్డదే అన్నాను, ఉద్యోగంతో. బావ తల ఎత్తి చూశాడు. అంత పెద్దదాంట్లో మరిగితే జాగ్రత్త, వెడల్పు మూతి, తొందరగా ఇగురుతుంది అన్నాడు. ఎవరితో అన్నాడో, గాల్లోకి అన్నాడు. నేను కూడా గాల్లోకే తల ఊపాను.

నవంబరు 30, ఆదివారం, పొద్దున

ఫజర్ నమాజు అయిన వెంటనే పొయ్యి వెలిగించాను. కాళ్ళు మా ఆవిడ కాల్చి గీకింది, ఒక్క వెంట్రుక లేదు, పసిపిల్ల పాదాల్లా ఉన్నాయి. ఉప్పు డేగిశాకు లెక్క కట్టి వేశాను. చేతికి తెలుసు. నాలుక మరిచిపోయినా చెయ్యి మరిచిపోదు.

అదే రోజు, సాయంత్రం, వాళ్ళు ఇంకా రాలేదు

చెప్పిన వేళ దాటింది. ఫోను చేస్తే, కోట బురుజు దగ్గర ఫోటోలు తీసుకుంటున్నారు నాన్నా, వేడిగా ఉంచు, సెగ తగ్గించకు, పొగలు కక్కుతుండాలి అంది. సెగ తగ్గించలేదు. నిలబడలేక కూర్చుని రాస్తున్నాను.

ఇప్పుడే ఒక సంగతి జరిగింది. రాయకపోతే కడుపు మండిపోతుంది. బావ వచ్చాడు. నేను పిలవలేదు. పిలవకుండా వచ్చాడు! చెంచా చేతిలో పట్టుకుని తిన్నగా డేగిశా దగ్గరికి. ఎదురుగా నిలబడి చూస్తున్నాడట, గోడకు తెల్లటి గీత కట్టిందట, జానెడు ఇగిరిపోయిందట. నేను వద్దనేలోపే చెంచా ముంచి గుటక వేశాడు. మొహం చిట్లించాడు. బావా, ఉప్పెక్కిపోయింది, మూడు చెంబులు నీళ్ళు పోసి ఒక పొంగు రానియ్ అన్నాడు.

మూడు చెంబులా! ఈ రోజా! ఆ మనిషి వచ్చి నీళ్ళ షోర్వా తాగి నవ్వుకుంటూ పోవాలనా? రెండు వారాలుగా తన బండి మొహం చూసినవాడు లేడు. నా బిడ్డ తనను లిస్టులోంచి తీసేసింది. నిప్పు మాట మీద నలుగురి ముందు ఎగతాళి చేసింది కూడా ఇతనే. నీకెందుకు బావా, నీ సీకులు నువ్వు చూసుకో అన్నాను. అనేశాను. చెంచా చొక్కాకే తుడుచుకుని వెళ్ళిపోయాడు. తన బండి దగ్గర నుంచి మళ్ళీ ఒక కేక వేశాడు. నీళ్ళు పొయ్యరా, అని. రా అని. మీసాలు వచ్చాక ఎప్పుడూ అనలేదు ఆ మాట.

పొయ్యలేదు. మూత పెట్టాను. నీలం చున్నీ కనబడుతోంది మలుపులో.

అదే రోజు, అంతా అయిపోయాక

ఎంత బాగా జరిగిందో! కంపెనీ ఆయన పొడుగు మనిషి, మెత్తటి మాట. నిప్పు కథ విని నా చెయ్యి పట్టుకున్నాడు. మా తాత తుఫాను కూడా చెప్పాను, ఈసారి ఉరుము కూడా కలిపాను. మొదటి గుటక వేసి కళ్ళు పెద్దవి చేశాడు. తలాడించాడు. గిన్నె పట్టుకుని ఫోటో దిగాడు. అందరూ ఫోటోలు దిగారు. చాలా గొప్ప అనుభవం అన్నాడు. అనుభవం అన్న మాట వాడాడు. నా బిడ్డ మొహం దీపంలా ఉంది.

గిన్నెలు మాత్రం నిండుగా వదిలేశారు. పాపం, ముందు స్టాపుల్లోనే పొట్టలు నిండిపోయి ఉంటాయి. మా ఆవిడ గిన్నెలు కడగబోతూ ఒకదాంట్లో వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. థూ అని ఉమ్మింది. ఉప్పుకయ్య అంది. నీకు డాక్టరు ఉప్పు మాన్పించినప్పటి నుంచి నీళ్ళు కూడా ఉప్పగానే ఉంటున్నాయిలే అన్నాను. ఆవిడ ఒక గిన్నె తీసుకెళ్ళి సందు కుక్కకు పోసింది. ఎముక దొరికితే ఎగిరి పడే కుక్క. ఒకసారి నాకింది. తర్వాత నా వైపు చూసి పక్కకు పోయి పడుకుంది.

డిసెంబరు 1, సోమవారం

అమ్మాయి ఫోను ఎత్తడం లేదు.

డిసెంబరు 2, మంగళవారం

వచ్చింది. ముందు సంతోషం సంగతి రాస్తాను. ఉద్యోగం ఇచ్చారు! ఆఫీసు, కుర్చీ, అన్నీ. నా బిడ్డను పట్టుకుని ఏడ్చేశాను. అది కూడా ఏడ్చింది. చాలాసేపటికి తెలిసింది, మా ఇద్దరి ఏడుపూ ఒకటి కాదని.

కంపెనీ ఆయన ఒక షరతు పెట్టాడట. ఆఖరి స్టాప్ మార్చాలి. నోట్లో పెట్టుకోలేకపోయామని రాశాడట. వీధి బాగుంది, కథ బాగుంది, నిప్పు తాతగారు బాగున్నారు, ఆ గిన్నె మాత్రం వద్దు అని. మెత్తటి మాట మనిషి. నా చెయ్యి పట్టుకుని తలాడించినవాడు.

అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నా కాళ్ళ దగ్గర కూర్చుని గోరు చుట్టూ చర్మం లాక్కుంటూ, మామయ్యకు ఒక్కసారి చూపించాల్సింది కదా నాన్నా అంది.

చెంచా వద్దన్న నోరే అది. నేను ఆ మాట అనలేదు. మామయ్య చూశాడమ్మా అని కూడా అనలేదు.

తల నిమిరాను. ఉద్యోగం వచ్చింది కదా తల్లీ, అదే పదివేలు అన్నాను. గుక్క తిప్పుకోకుండా అన్నాను, ఆగితే ఏం వస్తుందో అని.

డిసెంబరు 3, బుధవారం

వీధంతా మిఠాయి పంచాను, నా బిడ్డ ఉద్యోగానికి. బావ బండి దగ్గరకు కూడా వెళ్ళాను. ఒకటి తీసుకున్నాడు. కోడలు పిల్లకు మంచి జరగాలి అన్నాడు. దాని గురించి తప్ప ఇంకేమీ అనలేదు. ఉప్పు సంగతి వీధి మొత్తానికీ తెలుసు, అతను చెప్పి కాదు, కుక్కను చూసి. నేను నిలబడ్డాను. గిరాకీ ఉంది బావా అన్నాడు. ఎవరూ లేరు అక్కడ.

డిసెంబరు 5, శుక్రవారం

ఆఖరి స్టాప్ ఇక నుంచి బావ సీకులు. అమ్మాయే వెళ్ళి అడిగింది. కాదనలేదట. తోళ్ళ మండీ కూలీలు కెమెరాలకు బెదిరి ఈ సందు వదిలేశారు, ఇద్దరి బండ్లూ ఒట్టిపోయాయి. అతని ఇంట్లోనూ పొయ్యి వెలగాలి.

కథ అదే ఉంటుందట. మార్చడానికి వీల్లేదట, వెబ్‌సైటులో వేసేశారు. నిప్పు మాత్రం వీధికి ఇటువైపు నుంచి అటువైపుకు మారుతుంది.

డిసెంబరు 7, ఆదివారం

బావ తెల్ల ఏప్రాన్ కట్టుకున్నాడు. అమ్మాయి కొనిచ్చింది. చొక్కా జేబు దాని కింద దాగిపోయింది.

ఈ నిప్పు రెండు వందల ఏళ్ళుగా ఆరలేదు అని చెప్పాడు. ఫస్టు క్లాసులో అప్పజెప్పే పిల్లాడిలా చెప్పాడు, నేల చూస్తూ. నేనైతే ఎంత ఊపుగా చెప్పేవాణ్ణి! తుఫాను దగ్గర అసలు తడబడ్డాడు. మా తాత చొక్కా వాళ్ళ తాత తొడుక్కున్నాడు. ఆహా అన్నారు అందరూ.

ఆ రోజు అతను నవ్వినట్టు నేనూ ఒక కేక వెయ్యవచ్చు. ఏ నిప్పు బావా, అని. అతను ఒకసారి తల ఎత్తి ఇటు చూశాడు. దాని కోసమే ఎదురుచూస్తున్నాడేమో అనిపించింది. ఎవరైనా నవ్వి ఈ బొమ్మల కొలువు మెట్టు మీద నుంచి దింపితే బాగుండునని. నా బిడ్డ నీలం చున్నీ మధ్యలో ఉంది. కేక వెయ్యకుండా గిన్నెలు తుడుచుకున్నాను.

నా బండి చుట్టూ వీపులు. ఒకావిడ తన సీకు పుల్లను నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

డిసెంబరు 14, ఆదివారం

గుంపులోంచి ఒక పెద్దాయన వీధి దాటి నా దగ్గరకొచ్చాడు. నా వయసే ఉంటుంది, బడిపంతులుగా చేశాడట. మీరు ఎదురుగానే ఉంటారు కదా, ఆ నిప్పు సంగతి నిజమేనా, నాకు నమ్మబుద్ధి కావడం లేదు అన్నాడు. గట్టిగానే అన్నాడు. ఎదురు బండి దగ్గర విసనకర్ర ఆగింది.

నిజమే అన్నాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్నాను అన్నాను. వానకు నా పొయ్యి ఆరిపోతే ఆ నిప్పులోంచే బొగ్గులు అడుక్కొచ్చుకుంటాను, ఇదిగో ఆయన గంటె ఇంకా నా దగ్గరే ఉంది, అని తీసి చూపించాను.

ఈ మాటల్లో బొగ్గులూ గంటే మాత్రం అబద్ధం కాదు.

ఆయన నమ్మి వెళ్ళిపోయాడు. విసనకర్ర మళ్ళీ కదిలింది. బావ నవ్వలేదు. ఎలా నవ్వుతాడు.

డిసెంబరు 16, మంగళవారం

ఇక ఉండబట్టలేక ఒక గిన్నెలో షోర్వా పోసుకుని వీధి దాటాను. గంటె కూడా తిరిగిచ్చాను. బావా, ఉప్పు చూడు అన్నాను. ఎప్పుడూ పిలిస్తే అతనే వచ్చేవాడు, ఈసారి నేనే వెళ్ళాను.

గిన్నె వంక చూశాడు. చెయ్యి ఏప్రాన్ మీదికి, జేబు ఉండే చోటికి పోయింది. అక్కడ ఆగింది. ఇప్పుడు నా దగ్గరకు గ్రూపులు వస్తున్నాయి బావా, చెంచా చూస్తే పిల్ల ఊరుకోదు అన్నాడు. కోపంగా అంటే పడేవాణ్ణి. పిల్ల మీద గౌరవంతో అన్నాడు, నిజంగానే.

బొగ్గులు ఎగదోస్తూ మళ్ళీ అన్నాడు. ఆ రోజు పిలవకుండా వచ్చింది తప్పు నాదే బావా, పద్ధతి తప్పాను.

గిన్నె తొణక్కుండా వెనక్కి తెచ్చుకున్నాను.

డిసెంబరు 19, శుక్రవారం

అమ్మాయి ఆఫీసు చూసొచ్చాను! గాజు తలుపు, దానంతట అదే తెరుచుకుంటుంది. కుర్చీకి చక్రాలు. గోడ నిండా మా వీధి ఫోటో, మనిషంత ఎత్తు. నన్ను అందరికీ మా నాన్న అని పరిచయం చేసింది. డ్రమ్ము వెనక దాక్కున్న పిల్ల! మా నాన్న అంది! ఫోటోలో బావ విసురుతున్నాడు, నిప్పురవ్వలు లేస్తున్నాయి. అతని భుజం పక్కన, దూరంగా, మసకగా ఒక బండి ఉంది. అది నాదే. టీ ఇచ్చారు. చాలా బాగుంది అన్నాను.

డిసెంబరు 21, ఆదివారం

అసలు ఉప్పు వెయ్యకుండా వండాను. ఉప్పు గిన్నె బల్ల మీద పెట్టాను. వచ్చినవాళ్ళు ఎవరిది వాళ్ళే వేసుకుని తాగుతున్నారు.